532001: సిక్కోలు పిన్ కోడ్ సంఖ్య గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఏమిటీ సంఖ్య? దీని కోసం ఇన్ని ప్రశ్నలా?

532001 శ్రీకాకుళం హెడ్ పోస్టాఫీసు పిన్ కోడ్. ఊళ్లో పెళ్లి శుభలేఖ మీద ఉంటుంది, ఆధార్ కార్డు మీద ఉంటుంది, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర దుకాణాల బోర్డుల మీద ఉంటుంది. రోజూ చూస్తాం, రాస్తాం, దాని వైపు మళ్లీ చూడం.

నేను చాలా ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. ఇప్పుడు ఇంటి దగ్గర కొద్దిమంది పిల్లలకి చెబుతున్నాను. ఒక వేసవిలో తొమ్మిదో తరగతి అమ్మాయి అప్లికేషన్ ఫారం నింపుతూ పెన్ను ఆపి, "మాస్టారూ, మన పిన్ కోడ్‌ని ఏ సంఖ్య భాగిస్తుందండీ?" అని అడిగింది. ఆ ప్రశ్న మమ్మల్ని మూడు రోజులు కూర్చోబెట్టింది. తర్వాత వాళ్ల అన్నదమ్ములు, స్నేహితులు, ఒకరిద్దరు తల్లిదండ్రులు అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ అడుగుతుంటే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఇక్కడ ఉన్న ప్రతి లెక్కా కాగితం, పెన్సిల్‌తో మీరే సరిచూసుకోవచ్చు. చూసుకోవాలనే నా కోరిక కూడా.

ఈ ఆరంకెలు ఎలా వచ్చాయి? ఎవరైనా ఎంచి పెట్టారా?

ఎవరూ ఎంచలేదు. పిన్ కోడ్ పద్ధతి మన దేశంలో 1972 ఆగస్టు 15న మొదలైంది. దాన్ని రూపొందించినవారు శ్రీరామ్ భికాజీ వేలంకర్. మొదటి అంకె 5 అంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటకలున్న ప్రాంతం. మొదటి మూడూ కలిపి 532 అంటే ఉత్తరాలు వేరుచేసే జిల్లా. చివరి మూడూ ఫలానా పోస్టాఫీసు. జిల్లాకి ముఖ్యమైన ఆఫీసు కాబట్టి మనకి 001 వచ్చింది. కింద చెప్పబోయే అందమంతా ఆ 001 వల్లే సాధ్యమైంది. అది తపాలా శాఖ అవసరం కోసం వచ్చిన 001, గణితం కోసం వచ్చింది కాదు.

దీన్ని మాటల్లో ఎలా చెప్పాలి?

ఐదు లక్షల ముప్ఫై రెండు వేల ఒకటి.

పాత పద్ధతిలో చెప్పాలంటే ఇంకో దారి ఉంది. మన జ్యోతిష, గణిత గ్రంథాల్లో అంకెలకి బదులు వస్తువుల పేర్లు వాడేవారు. చంద్రుడు ఒక్కడే కాబట్టి శశి అంటే 1. గగనం శూన్యం. నేత్రాలు రెండు, అగ్నులు మూడు, మన్మథుడి బాణాలు ఐదు. చదవడం కుడి నుంచి ఎడమకి. అప్పుడు మన పిన్ కోడ్ "శశి గగన గగన నేత్ర అగ్ని బాణ" అవుతుంది. పిల్లలు దీన్ని ఒక్కసారి వినగానే పట్టేశారు. అంకెలకంటే ఇదే ముందు కంఠతా వచ్చింది.

కంప్యూటర్ వాడే సున్నా, ఒకట్ల లెక్కలో రాస్తే 10000001111000100001. ఇరవై స్థానాలు, అందులో ఏడు ఒకట్లు.

సరే, అసలు ప్రశ్న. 532001 ప్రధాన సంఖ్యేనా?

అవును. 1తోనూ 532001తోనూ తప్ప మరి దేనితోనూ నిశ్శేషంగా పోదు.

దీన్ని "అవునట" అని నమ్మకండి. ఎలా తేల్చామో చెబుతాను.

తేలికైనవి ముందు. చివరి అంకె 1 కాబట్టి 2తో, 5తో పోదు. అంకెల మొత్తం 5+3+2+0+0+1 = 11, కాబట్టి 3తో పోదు. 11తో చూడాలంటే ఒకటి విడిచి ఒకటి కూడాలి: 5+2+0 = 7, 3+0+1 = 4, తేడా 3. అదీ పోలేదు. 7తో అయితే 7×76000 = 532000, సరిగ్గా 1 మిగిలింది. 19×28000 కూడా 532000, అక్కడా 1 మిగిలింది. 13తో 2 మిగులుతుంది.

ఆ తర్వాత అడ్డదారి లేదు. ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగా భాగించుకుంటూ పోవాలి. 729 దాకా పోతే చాలు (ఎందుకో కింది ప్రశ్నలో). 729 లోపు ప్రధాన సంఖ్యలు 129 ఉన్నాయి. ముగ్గురు పిల్లలు పంచుకున్నారు, తలా 43. కరెంటు పోయిన మధ్యాహ్నం, వరండాలో చాప మీద, పొడుగు రూళ్ల నోట్‌బుక్కులు ముందేసుకుని మొదలుపెట్టారు.

ఒక గంట గడిచాక ఒక కుర్రాడు లేచి నిలబడి "మాస్టారూ, 71తో పోయింది!" అని కేకేశాడు. మిగతా ఇద్దరి ముఖాలు వాడిపోయాయి. ఆ నోట్‌బుక్కు తీసుకుని చూశాను. 532లో 71 ఏడుసార్లు, శేషం 35. 350లో నాలుగుసార్లు, 66. 660లో తొమ్మిదిసార్లు, 21. చివరి ఒకటి దింపితే 211. అక్కడ వాడు "71 మూళ్లు 211" అని రాశాడు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి దాకా బాగానే వచ్చి, పక్కనున్న ఒకటిని మూడుతో గుణించడం మరిచిపోయాడు. 71 మూళ్లు 213. రెండు తక్కువ. అంటే రెండుసార్లే పోతుంది, శేషం 69.

వాడు చిన్నబుచ్చుకున్నాడు గానీ, ఆ తప్పు ఊరికే పోలేదు. కవల సంఖ్యల ప్రశ్న దగ్గర మళ్లీ వస్తుంది.

మర్నాటి సాయంత్రానికి ఆఖరి భాగహారం, 727తో, అయింది. 727×731 = 531437, శేషం 564. నూట ఇరవై తొమ్మిదిలో ఒక్కటీ నిశ్శేషంగా పోలేదు. తర్వాత నోట్‌బుక్కులు మార్చుకుని ఒకరి లెక్క ఇంకొకరు సరిచూశారు. ఆ రెండో విడత చేయకపోతే లెక్క పూర్తయినట్టు కాదని నా పట్టుదల.

ఆ శేషాల జాబితాలో ఒక ముచ్చట. 461తో భాగిస్తే 7 మిగిలింది, 577తో భాగించినా 7 మిగిలింది. కాకతాళీయం అనుకున్నాం. 7 తీసేస్తే 531994, అది 2×461×577. రెండూ ఒకే సంఖ్య నుంచి వచ్చాయి.

729 దగ్గర ఆగిపోవచ్చని ఎలా తెలుసు?

ఒక సంఖ్య రెండు కారణాంకాల లబ్ధమైతే, రెండూ ఒకేసారి దాని వర్గమూలాన్ని దాటలేవు. దాటితే లబ్ధం ఆ సంఖ్యని మించిపోతుంది. 729 వర్గం 531441, 730 వర్గం 532900. మన సంఖ్య ఆ రెండిటి మధ్య ఉంది. కాబట్టి పెద్ద కారణాంకం ఏదైనా ఉంటే దానికి జోడీగా 729 లోపు ఒక చిన్నది ఉండి తీరాలి. చిన్నది లేదని తేలితే పెద్దదీ లేనట్టే.

ప్రధాన సంఖ్యలతోనే ఎందుకంటే, 6తో పోయేది ఎలాగూ 2తో పోతుంది, 91తో పోయేది ఎలాగూ 7తో పోతుంది. ఆ 129 సంఖ్యల జాబితా తయారుచేసుకోవడానికి పిల్లలు ఆరో తరగతిలో నేర్చుకున్న ఎరటోస్తనీస్ జల్లెడనే వాడారు.

ఇంత భాగహారం లేకుండా తేల్చే దారి లేదా?

ఉంది, కానీ దానికి వేరే ఓపిక కావాలి. ఫెర్మా చెప్పిన ఒక సూత్రం ప్రకారం, ఒక బేసి ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువ సార్లు 2ని గుణించి, ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే 1 మిగలాలి. మన సంఖ్యకి 2ని 532000 సార్లు గుణించాలి. నిజంగా అన్నిసార్లు గుణించక్కర్లేదు. వర్గం చేయడం, శేషం తీసుకోవడం, మళ్లీ వర్గం చేయడం, ఇలా పందొమ్మిది వర్గాలతో అయిపోతుంది. చేస్తూ పోతే 2ని 66500 సార్లు గుణించిన దగ్గర 532000 మిగులుతుంది, అంటే ఒకటి తక్కువ పూర్తి సంఖ్య. దాన్ని వర్గం చేస్తే 1, ఆపైన ఎన్నిసార్లు వర్గం చేసినా 1. సూత్రం కోరినట్టే వచ్చింది.

అయితే ఇది పరీక్షే గానీ ఒక్కటే చాలదు. 341 ఈ పరీక్ష పాసవుతుంది, కానీ 341 = 11×31. అందుకే పిల్లల 129 భాగహారాలే నాకు అసలు రుజువు. ఇది దానికి తోడు.

ఇలాంటి ప్రధాన సంఖ్య దొరకడం అరుదా?

అరుదు కాదు. ఐదు లక్షల చుట్టుపక్కల సగటున పదమూడు సంఖ్యలకి ఒకటి ప్రధాన సంఖ్య. చివర 1, 3, 7, 9 ఉన్నవాటినే తీసుకుంటే ఐదారింటికి ఒకటి. పది లక్షల లోపు మొత్తం 78498 ఉన్నాయి. కాబట్టి "మన ఊరి పిన్ కోడ్ ప్రధాన సంఖ్య" అనేది సంతోషించదగ్గ మాటే, ఆశ్చర్యపోవాల్సినది కాదు. ఆశ్చర్యం ముందుంది.

పక్కనున్న 532000 సంగతి?

పక్కపక్క ఇళ్లు, స్వభావాలు మాత్రం పూర్తిగా వేరు. 532000 = 2×2×2×2×2×5×5×5×7×19. దానికి 96 భాజకాలున్నాయి. తనని వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే 1040480 వస్తుంది, తన కంటే దాదాపు రెట్టింపు. ఇలా మొత్తం ఎక్కువైతే అధిక సంఖ్య అంటారు. 532001కి తనని వదిలేస్తే మిగిలే భాజకం 1 ఒక్కటే. అది న్యూన సంఖ్య. ప్రధాన సంఖ్యలన్నీ న్యూన సంఖ్యలే, ఇందులో ప్రత్యేకత లేదు. కానీ 96 పక్కన 2 అని బోర్డు మీద రాసినప్పుడు పిల్లలు కాసేపు అలా చూస్తుండిపోయారు.

దీనికి కవల ఉందా?

రెండు తేడాలో మరో ప్రధాన సంఖ్య ఉంటే వాటిని కవల ప్రధాన సంఖ్యలంటారు, 11, 13 లాగా. వెనక 531999 అంకెల మొత్తం 36, కాబట్టి 9తో పోతుంది. ముందున్న 532003 మీదే మా ఆశ ఉండేది. చూడటానికి చాలా నిక్కచ్చిగా ఉంటుంది.

ఇక్కడే ఆ కుర్రాడి తప్పు గుర్తొచ్చింది. 71 మూళ్లు 213 అన్నప్పుడు రెండు తక్కువైంది కదా. అంటే మన సంఖ్యకి 2 కలిపితే 71తో నిశ్శేషంగా పోవాలి. శేషాల జాబితా మళ్లీ తిరగేస్తే అలా రెండే తక్కువైన సంఖ్యలు మూడు కనిపించాయి: 59తో శేషం 57, 71తో 69, 127తో 125. మూడూ గుణించాం. 59×71 = 4189. 4189×127 = 532003. కచ్చితంగా అదే. కవల లేదని తేలింది, అదీ తప్పు చేసిన కుర్రాడి నోట్‌బుక్కు వల్లే. వాడి ముఖం మళ్లీ వెలిగింది.

తిరగేసి రాసినా ప్రధాన సంఖ్యేనా?

కాదు. 100235 అవుతుంది, చివర 5.

సోఫీ జెర్మైన్ ప్రధాన సంఖ్య అవుతుందా?

రెట్టింపు చేసి ఒకటి కలిపినా ప్రధాన సంఖ్య వస్తే ఆ పేరు. ఇక్కడ 1064003 వస్తుంది, అది 23×46261. కాబట్టి కాదు. 23తో మన సంఖ్యకి శేషం 11 వచ్చిందని జాబితాలో ఉంది. 11 రెట్టింపుకి ఒకటి కలిపితే 23. కాబట్టి భాగించకుండానే చెప్పవచ్చు.

ఇందాక ఆశ్చర్యం ముందుందన్నారు. ఏమిటది?

ఫెర్మా 1640లో ఒక మాట చెప్పాడు: నాలుగుతో భాగిస్తే 1 మిగిలే ప్రతి ప్రధాన సంఖ్యనీ రెండు వర్గాల మొత్తంగా రాయవచ్చు, అదీ ఒకే ఒక్క రకంగా. తర్వాత వందేళ్లకి ఆయిలర్ దాన్ని నిరూపించాడు. 5 = 1+4, 13 = 4+9, 29 = 4+25. 3తో, 7తో, 11తో ఎంత ప్రయత్నించినా రాదు, అవి నాలుగుతో భాగిస్తే 3 మిగిలేవి.

532001 = 4×133000 + 1. కాబట్టి రెండు వర్గాలు ఎక్కడో ఉండాలి. ఉన్నాయని సిద్ధాంతం చెబుతుంది, ఎక్కడున్నాయో మనమే వెతుక్కోవాలి. వాటిలో చిన్నది 515ని దాటదు. ఒక్కొక్కటి వేసుకుంటూ పోతే ఎక్కువలో ఎక్కువ 515 ప్రయత్నాలు. అప్పటికే 129 భాగహారాలు చేసిన పిల్లలకి ఆ మాట చెప్పడానికి నాకు మొహమాటమేసింది.

మొదట ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి మర్నాడు పొద్దున్నే వచ్చింది. ట్యూషన్ టైముకి ఇంకా అరగంట ఉంది. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "మాస్టారూ, చివర సున్నా సున్నా ఒకటి ఉంది కదండీ" అంది. 25 వర్గం 625, మళ్లీ 25తోనే ముగుస్తుంది. 76 వర్గం 5776, మళ్లీ 76తోనే ముగుస్తుంది. అది నేను ఎప్పుడో సరదాకి చెప్పిన విషయం. 25, 76 కలిపితే 101. ఈ గుణం ఉన్న మూడంకెల సంఖ్యలు కూడా రెండే ఉన్నాయి: 625, 376. కలిపితే 1001. అలాంటప్పుడు వాటి వర్గాలు కలిపితే చివర 001 రావాలి కదా అని రాత్రి పడుకోబోయే ముందు ఆలోచన వచ్చిందట. వెంటనే లేచి గుణించి చూసుకుంది. పాత క్యాలెండర్ కాగితం వెనక రాసి తెచ్చింది:

625 × 625 = 390625
376 × 376 = 141376
మొత్తం 532001

నేను కళ్లజోడు తుడుచుకుని మళ్లీ కూడాను. ఐదూ ఆరూ పదకొండు, ఒకటి వేసి ఒకటి. రెండూ ఏడూ ఒకటీ పది, సున్నా. ఆరూ మూడూ ఒకటీ పది, సున్నా. చివరి దాకా సరిపోయింది. ఇన్నేళ్లు ఈ సంఖ్యని చిరునామాలో రాశాను, ఇది నా చేతికి దొరకలేదు.

625, 376కి ఆ గుణం ఎందుకుంది?

ఒక సంఖ్య వర్గం మళ్లీ అదే మూడంకెలతో ముగియాలంటే, వర్గంలోంచి ఆ సంఖ్యని తీసేస్తే చివర మూడు సున్నాలు రావాలి. అంటే ఆ సంఖ్యనీ దానికి ముందు సంఖ్యనీ గుణిస్తే 1000తో పోవాలి. 1000 = 8×125. పక్కపక్క సంఖ్యలకి ఉమ్మడి కారణాంకం ఉండదు కాబట్టి, 8 మొత్తం ఒకదానిలో, 125 మొత్తం ఒకదానిలో ఉండాలి.

625లో 125 ఉంది, ముందున్న 624 = 8×78. 376 = 8×47, ముందున్న 375 = 3×125. రెండూ కుదిరాయి. రెండూ ఒకే సంఖ్యలో చేరితే 000, 001 వస్తాయి, అవి ఎలాగూ తెలిసినవే. ఈ నాలుగు తప్ప వేరేవి లేవు. వీటిని ఆటోమార్ఫిక్ సంఖ్యలంటారు. తెలుగులో నేను పిల్లలకి "తనలోకే తిరిగొచ్చే సంఖ్యలు" అని చెబుతాను. నాలుగంకెలకి వెళ్తే 9376 ఉంది, దాని వర్గం 87909376.

అలాంటి సంఖ్యలు మూడంకెల్లో రెండే. వాటి వర్గాల మొత్తం ఒకటే. అది ప్రధాన సంఖ్య కావడం, మన హెడ్ పోస్టాఫీసుకి రావడం, రెండూ కలిసొచ్చాయి.

ఇంకో రకంగా రెండు వర్గాలుగా రాయవచ్చా?

రాయలేం. ప్రధాన సంఖ్యకి ఒకే జత. ఒక బేసి సంఖ్యని రెండు వేర్వేరు రకాలుగా రెండు వర్గాల మొత్తంగా రాయగలిగితే అది కచ్చితంగా సంయుక్త సంఖ్య. ఉదాహరణకి 65 = 1+64, అలాగే 16+49. 65 = 5×13. రెండు వర్గాల మొత్తాన్ని ఇంకో రెండు వర్గాల మొత్తంతో గుణిస్తే మళ్లీ రెండు వర్గాల మొత్తమే వస్తుందన్న సూత్రం మన బ్రహ్మగుప్తుడికి ఏడో శతాబ్దంలోనే తెలుసు.

వర్గాల తేడాగా మాత్రం ఇంకో రకంగా రాయవచ్చు, అదీ ఒక్క రకంగానే: 266001 వర్గంలోంచి 266000 వర్గం తీసేస్తే 532001. ఏ బేసి సంఖ్యకైనా ఇలాంటిది ఉంటుంది, అందుకే దాన్ని పెద్దగా పట్టించుకోలేదు.

లంబకోణ త్రిభుజం ఒకటి గీశారట?

అది నాకు మరీ ఇష్టమైనది. రెండు సంఖ్యల వర్గాల మొత్తం కర్ణమైతే, వాటి వర్గాల తేడా ఒక భుజం, వాటి లబ్ధానికి రెట్టింపు రెండో భుజం. 3, 4, 5 త్రిభుజం 2, 1 నుంచి ఇలాగే వస్తుంది.

625, 376తో చేస్తే:
వర్గాల తేడా 390625 − 141376 = 249249
లబ్ధానికి రెట్టింపు 2×625×376 = 470000
కర్ణం 532001

249249 అని రెండుసార్లు వచ్చిందేమిటా అని చూడండి. వర్గాల తేడా అంటే తేడాని మొత్తంతో గుణించడమే. 625−376 = 249, 625+376 = 1001. ఏ మూడంకెల సంఖ్యనైనా 1001తో గుణిస్తే అది రెండుసార్లు పక్కపక్కన వస్తుంది.

సరిచూసుకోవడానికి ఆరంకెల సంఖ్యల వర్గాలు కట్టక్కర్లేదు. కర్ణంలోంచి 470000 తీసేస్తే 62001, అది 249 వర్గం. కర్ణానికి 470000 కలిపితే 1002001, అది 1001 వర్గం. రెండూ గుణిస్తే 249249 వర్గం. పైథాగరస్ సిద్ధాంతం అక్కడితో పూర్తి. బోర్డు మీద ఈ మెట్టు రాసేటప్పుడు నా చేతికి ఇప్పటికీ ఉత్సాహం వస్తుంది.

ఇది అదృష్ట సంఖ్యా? న్యూమరాలజీ ప్రకారం ఎలాంటిది?

ఈ ప్రశ్న పెద్దవాళ్లే అడుగుతారు. అంకెలు కూడితే 11, మళ్లీ కూడితే 2. 9తో భాగిస్తే 2 మిగులుతుందని దాని అర్థం, అంతకు మించి ఏమీ లేదు. సంఖ్యకి ఉన్న గుణాలు సంఖ్యవే, అందులో ఉండేవాళ్ల జాతకం కాదు. ఇల్లు కొనడానికో పెళ్లి ముహూర్తానికో ఈ పేజీని వాడకండి.

"సంతోష సంఖ్య" అవుతుందా?

అంకెల వర్గాలు కూడుతూ పోతే చివరికి 1 రావాలి. ఇక్కడ 39, 90, 81, 65, 61, 37, 58, 89, 145, 42, 20, 4, 16, మళ్లీ 37. తిరుగుతూనే ఉంటుంది. కాదు.

మా ఊరి పిన్ కోడ్ కూడా ప్రధాన సంఖ్యేనా?

ఇచ్ఛాపురం 532312 సరి సంఖ్య. ఎచ్చెర్ల 532410 చివర సున్నా. ఆమదాలవలస 532185 ఐదుతో పోతుంది. పలాస 532221 అంకెల మొత్తం 15, మూడుతో పోతుంది. విజయనగరం నుంచి ఒక పాత సహోద్యోగి ఫోన్ చేసి మరీ అడిగారు: అక్కడ టౌనులో వాడే 535002 ఆరుతో పోతుంది, 535003 = 7×76429.

టెక్కలి 532201 మాత్రం మమ్మల్ని బాగా ఊరించింది. తేలికైన పరీక్షలన్నీ దాటింది. 100 లోపు ఏ ప్రధాన సంఖ్యా దాన్ని కదపలేదు. కానీ మన సంఖ్యకి 103తో శేషం 6. టెక్కలి మనకంటే 200 ఎక్కువ. 206 అంటే రెండు 103లు. కాబట్టి 532201 = 103×5167. పాత జాబితా చేతిలో ఉంటే కొత్త భాగహారాలు అక్కర్లేదని పిల్లలకి అప్పుడు అర్థమైంది.

రాజాం విజయనగరం జిల్లాలో కలిసింది కదా, పిన్ కోడ్ మారిందా?

లేదు. 2022లో జిల్లాలు మారాయి గానీ రాజాం 532127, పాలకొండ 532440 అలాగే ఉన్నాయి.

532001ని పెద్ద సంఖ్య అనవచ్చా?

చేత్తో చేసేవాళ్లకి పెద్దదే. కంప్యూటర్‌కి రెప్పపాటు పని. ఇంటర్నెట్‌లో రహస్యాలు దాచడానికి వాడే ప్రధాన సంఖ్యలకి వందల అంకెలుంటాయి. 2024 అక్టోబరులో ప్రకటించిన ప్రధాన సంఖ్యలో ఏకంగా 41024320 అంకెలున్నాయి. 2ని 136279841 సార్లు గుణించి ఒకటి తీసేస్తే అది వస్తుంది. దాన్ని కాగితం మీద సరిచూడటం మనిషి వల్ల కాదు. మనది ఇద్దరు ముగ్గురు కూర్చుంటే రెండు రోజుల్లో తేలే సంఖ్య. పిల్లలకి చెప్పడానికి నాకు ఈ పరిమాణమే సరైనదనిపిస్తుంది.

మా పిల్లలతో ఇంట్లో చేయించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

నరసన్నపేట తీసుకోండి, 532421. వర్గమూలం 729కి, 730కి మధ్యే, కాబట్టి అవే 129 ప్రధాన సంఖ్యలు. 199 దాకా మా పిల్లలు చూశారు, ఏదీ నిశ్శేషంగా పోలేదు. ఆ వరసలో తర్వాతది 211. 532001ని 211తో భాగిస్తే శేషం 70. నరసన్నపేట 420 ఎక్కువ. 490లోంచి రెండు 211లు తీస్తే 68 మిగులుతుంది, పోలేదు. 223తో మన శేషం 146. అక్కణ్ణుంచి మీరు చేయండి.